పాత యింటిలో కంప్యూటరు: ఎర్తు లేని సాకెట్టు



మన పల్లెలలో తాతలనాడు కట్టిన యిండ్లు ఇంకను అనేకము నిలిచి యున్నవి. మండువా లోగిళ్లు, పెంకుటిండ్లు, మట్టిగోడల మిద్దెలు ఊరూరను కానవచ్చును. ఆ యిండ్లలోనికి మొదట దీపము కొఱకును, పిదప పంకా కొఱకును కరెంటు వచ్చినది. ఇప్పుడు మనుమల చదువు కొఱకును, భూమి కాగితముల కొఱకును, దూరదేశముననున్న బిడ్డల ముఖము చూచుట కొఱకును కంప్యూటరు వచ్చుచున్నది. యంత్రము క్రొత్తది, గోడలోని తీగ పాతది. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటలో ఏయే జాగ్రత్తలు వలయునో ఈ పూట మనవి చేసెదను.

ముందుగా మా యింట జరిగిన సంగతి చెప్పెదను. మా అన్నగారు గోదావరి డెల్టాలోని ఒక గ్రామమున, మా తండ్రిగారు కట్టించిన మండువా యింటిలో కాపురమున్నారు. ఆ యింటి సాకెట్టులన్నియు రెండు బెజ్జములవి. ఆయన మనుమరాలు ఇంటరు చదువుచుండగా ఆమెకొక కంప్యూటరు తెచ్చి పడమటి గదిలో పెట్టిరి. దాని ప్లగ్గునకు మూడు కాళ్లు, గోడమీది సాకెట్టునకు రెండే కన్నులు. పనికి వచ్చినవాడు బజారున దొరకు చిన్న మాఱుప్లగ్గు నొకదానిని తెచ్చి, మూడు కాళ్లను రెండుగా మార్చి తగిలించి పోయెను. కంప్యూటరు వెలిగినది. అందఱును సంతసించిరి.

నాలుగు దినములకు ఆ పిల్ల, "తాతయ్యా, పెట్టె ముట్టుకొన్నచో చేయి చిమచిమలాడుచున్నది" అని చెప్పెను. "చెప్పులు వేసికొని కూర్చుండుమమ్మా" అని తల్లి యనెను. మరల పనివానిని పిలిపింపగా అతడు పాత సాకెట్టు తీసి, మూడు బెజ్జముల సాకెట్టు బిగించి, దానిలోపల న్యూట్రలు మరకును ఎర్తు మరకును నడుమ చిన్న తీగముక్క యొకటి కలిపి, "ఇక చిమచిమ యుండదండీ" అనెను. నిజముగనే అది ఆగిపోయెను.

మూడు నెలల పిమ్మట ఒక సాయంకాలము ఇంటి దీపములన్నియు ఆరినవి. కరెంటు పోయినదని తలచి మా అన్నగారు వట్టికాళ్లతో పోయి, బల్లను ప్రక్కకు జరుపుటకై పెట్టెమీద చేయి వేసిరి. ఆ దెబ్బకు గోడవఱకు విసరివేయబడిరి. చేయి అంటుకొనక ఊడినది గనుక బ్రతికిరి. విచారింపగా తెలిసిన దేమనగా, కరెంటు పోలేదు. మెయినుబోర్డుమీద న్యూట్రలు దారిలోనున్న పాత ఫ్యూజు కాలిపోయినది. దీపములు ఆరిన యింటిలో కంప్యూటరు పెట్టె రేకుమీదికి కరెంటు వచ్చి కూర్చున్నది. ఇది యెట్లు సంభవించెనో తెలియవలెనన్న మూడు తీగల సంగతి ముందు తెలియవలెను.

మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. సులభముగ చెప్పవలెనన్న అది ఒక తీగవెంట వచ్చి, పని చేసి, రెండవ తీగవెంట మరలిపోవును. వచ్చు తీగకు ఫేజు అనియు, పోవు తీగకు న్యూట్రలు అనియు పేరు. ఈ న్యూట్రలును ట్రాన్సుఫార్మరు వద్ద భూమికి కలిపి యుంతురు. అందుచేతనే నేలమీద నిలిచినవాడు ఫేజును ముట్టినచో కరెంటు వాని దేహముగుండ భూమిలోనికి దిగి, భూమివెంట ట్రాన్సుఫార్మరును చేరుకొనును. మనిషి దానికి దారి యగును.

మూడవది ఎర్తు తీగ. అది యంత్రముయొక్క లోహపు పెట్టెను భూమికి కలుపును. నిత్యము దానిలో కరెంటు పాఱదు. మన చెఱువులకు తూమును ఉన్నది, అలుగును ఉన్నది. తూము నుండి నీరు పొలమునకు పోవును. అలుగు ఏడాదిలో పెద్దభాగము ఎండి యుండును. అట్లని అలుగును పూడ్చిన రైతు గలడా? వఱద వచ్చిననాడు కట్ట తెగకుండ కాచునది అదియే. ఎర్తు తీగయు అట్టిదే. పెట్టెలోపల ఫేజు తీగ తొడుగు చెడి రేకునకు తగిలినచో, మంచి ఎర్తు ఉన్నయెడల కరెంటు ఆ తీగవెంట ఉధృతముగా పోవును, ఫ్యూజు కాలును, పెట్టె నిర్జీవమగును. ఎర్తు లేనియెడల ఫ్యూజు కాలదు, దీపము ఆరదు, యంత్రమును ఆగదు. పెట్టె మాత్రము 230 వోల్టులతో మనిషి చేయి కొఱకు కాచుకొని యుండును.

"మా యింట అఱువదియేండ్లుగా రెండు బెజ్జములతోనే గడచినది గదా, ఇప్పుడేల ఈ భయము?" అని పెద్దలు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. పూర్వము ఆ యింటిలో నున్నవి ఏవి? దీపము తల కందనియెత్తున వ్రేలాడును. పంకా దూలమునకు ఉండును. పాత రేడియో కొయ్యపెట్టెలో ఉండెడిది. స్విచ్చి బేకలైటుది. మన చేతికి తగులు లోహమే అచ్చట లేకుండెను. ఇప్పుడో, ఇనుప రేకు పెట్టె పిల్లవాని మోకాలి ప్రక్కనే ఉన్నది. దానికి తగిలించు తీగల కొనలును లోహపువే. కాళ్లక్రింద తుడిచిన గచ్చు చెమ్మతో నుండును. తీగ మారలేదు గాని దానిని ఉపయోగించు తీరు మారినది.

ఇక చిమచిమ మాట. కంప్యూటరు పెట్టెలో కరెంటును తగ్గించి యిచ్చు భాగమొకటి గలదు. అది కరెంటును క్షణమునకు వేలకొలది మార్లు తెంచి కలుపుచు పని చేయును. అందు పుట్టు అలజడి బయటి తీగలలోనికి పోకుండ, ఫేజు నుండి పెట్టె రేకునకు ఒకటియు, న్యూట్రలు నుండి రేకునకు ఒకటియు చిన్న కెపాసిటరులను అమర్తురు. వానిగుండ ఏ కొంచెమో కరెంటు రేకుమీదికి వచ్చుచునే యుండును. ఎర్తు ఉన్నయెడల అది నిశ్శబ్దముగ భూమిలోనికి దిగిపోవును. లేనియెడల రేకు ఫేజునకును న్యూట్రలునకును నడుమ, అనగా సుమారు 115 వోల్టులయొద్ద తేలుచుండును. ఒక్క యంత్రమునుండి వచ్చు ఈ కరెంటు తఱచుగా అర మిల్లీయాంపియరు లోపలనే ఉండును. మిల్లీయాంపియరనగా ఆంపియరులో వేయవవంతు. దీనివలన చేయి చిమచిమలాడును గాని ప్రాణము పోదు.

అట్లయిన దీనిని ఓర్చుకొనరాదా? ఓర్చుకొనరాదు. దీనికి రెండు కారణములు గలవు. మొదటిది, చిమచిమ యనునది ఎర్తు లేదని యంత్రము మనకు చెప్పుచున్న మాట. నేడు తొడుగు బాగున్నది గనుక చిమచిమతో పోయినది. రేపు ఆ తొడుగు చెడినచో అదే రేకు నిండు ఫేజుతో ఉండును. చిమచిమకు అలవాటుపడిన యింటివారికి ఆ మార్పు ముందుగా తెలియదు. నియాను టెస్టరు పెట్టి చూచినను తెలియదు, అది రెండింటికిని వెలుగును. రెండవది, పది మిల్లీయాంపియర్ల ప్రాంతమున చేతి కండరములు బిగుసుకొని పట్టు వదలకుండ చేయును. ముప్పది దాటినది కొలది క్షణములు గుండెగుండ పాఱినచో ప్రాణాపాయము. తడికాళ్లతో నున్న దేహము సుమారు వేయి ఓముల అడ్డంకి నిచ్చుననుకొన్నను, 230 వోల్టుల వలన పాఱునది 230 మిల్లీయాంపియర్లు. కావున మనిషి ఆ తీగకు తగిలి బ్రతుకుట లెక్క ప్రకారము జరుగునది కాదు, అదృష్టవశమున జరుగునది.

ఇప్పుడు మన ఊళ్లలో జరుగుచున్న తప్పు మందులను చెప్పెదను.

మూడవకాలిని కోసివేయుట, లేక మాఱుప్లగ్గుతో దానిని దాటవేయుట మొదటి తప్పు. త్రీపిన్ ప్లగ్గులో ఎర్తు కాలు మిగిలినవానికంటె లావుగను పొడవుగను ఉండుటకు కారణము గలదు. లోనికి పోవునప్పుడు అది ముందు తగులును, బయటికి వచ్చునప్పుడు కడపట విడును. యంత్రమునకు కరెంటు తగిలియున్నంతసేపు కావలి తప్పకుండుటకై ఆ యేర్పాటు. దానిని కోయుట కావలివానిని పంపివేయుటయే. మఱియు రెండుకాళ్ల ప్లగ్గును ఎటు త్రిప్పియైనను తగిలింపవచ్చును గనుక, యంత్రములోని స్విచ్చి ఫేజుకు బదులు న్యూట్రలును తెంచు స్థితి రావచ్చును. అప్పుడు యంత్రము ఆగియున్నను లోపల ఫేజు నిలిచియే యుండును.

న్యూట్రలును ఎర్తుకు సాకెట్టులో కలుపుట రెండవ తప్పు. మా అన్నగారి యింట జరిగినది ఇదియే. న్యూట్రలు దారి తెగనంతవఱకు అది ఎర్తువలె నటించును. పాత మెయినుబోర్డులలో ఫేజునకొకటియు న్యూట్రలునకొకటియు ఫ్యూజు ఉండెడివి. న్యూట్రలు ఫ్యూజు కాలినను, స్తంభమువద్ద న్యూట్రలు ముడి వదులైనను కరెంటు తిరిగి పోవుటకు దారి లేదు. వెలుగుచున్న దీపముగుండ, తిరుగుచున్న పంకాగుండ వచ్చిన ఫేజు న్యూట్రలు తీగలో నిలిచిపోవును. ఆ తీగను మనమే పెట్టె రేకునకు కలిపియున్నాము. దీపములారినవి గనుక కరెంటు లేదని అందఱును ధైర్యముగ ముట్టుదురు. ఇంతకన్న మోసకరమైనది మఱొకటి లేదు. ఎవరి యింటనైనను ఇట్టి తీగముక్క ఉన్నయెడల నేడే తీయింపుడు.

కుళాయి గొట్టమునకు తీగ చుట్టుట మూడవ తప్పు. నేటి గొట్టములు పెక్కు ప్లాస్టిక్‌వి గనుక ఆ తీగ భూమిని చేరనే చేరదు. పైన ఇనుము, క్రింద ప్లాస్టిక్ అయినచో ఇంకను చెఱుపు. గదిలోని దోషము స్నానపు గదిలో కుళాయి త్రిప్పువాని చేతికి వచ్చును. వంటగ్యాసు గొట్టమునకు తీగ కట్టుట కలలోనైనను తగదు.

పెరటిలో మేకు దిగగొట్టి, తీగ కట్టి, ఎర్తు అయినదనుకొనుట నాలుగవ తప్పు. ఇందు లెక్క యొకటి చూడవలెను. అట్టి మేకునకు భూమితో నుండు అడ్డంకి 50 ఓములనుకొందము. ఫేజు రేకునకు తగిలినప్పుడు పాఱు కరెంటు 230ని 50చే భాగింపగా వచ్చునది, అనగా సుమారు నాలుగున్నర ఆంపియర్లు. ఆఱు ఆంపియర్ల ఫ్యూజు దీనికి కాలదు. మేకు వేడెక్కుచు, రేకు దాదాపు నిండు వోల్టులతో నట్లే యుండును. ఎండకాలమున నేల ఎండినచో మఱింత చెడును. కాబట్టి మేకు ఒక్కటియే రక్ష కానేరదు.

స్పైకుగార్డు, స్టెబిలైజరు, యూ.పీ.ఎస్. కొన్నచో చాలునని కొందఱనుకొందురు. ఇది అయిదవ పొరపాటు. ఈ మూడును ఎర్తును పుట్టింపజాలవు. గోడలో ఎర్తు ఉన్నయెడల దానిని ముందునకు అందించును, లేనియెడల లేదు. స్పైకుగార్డులో ఫేజు నుండి ఎర్తుకును, న్యూట్రలు నుండి ఎర్తుకును అమర్చిన రక్షణ భాగములకు ఎర్తు లేనిదే పనియే లేదు. ఫేజునకును న్యూట్రలునకును నడుమనున్నది మాత్రము పని చేయును. అట్లే మూడు బెజ్జములు కనబడినంత మాత్రమున ఎర్తు ఉన్నదని నమ్మరాదు. చౌకరకపు పొడిగింపు పెట్టెలలో పైకి మూడు బెజ్జములుండి లోపల రెండు తీగలే ఉండుట కలదు.

ఇక మంచి మార్గము వినుడు. ఇంటి గోడలన్నియు త్రవ్వనక్కఱలేదు. కంప్యూటరు ఉండు ఒక్క గదికి మెయినుబోర్డు నుండి క్రొత్తగా మూడు రాగి తీగలను ప్లాస్టిక్ గొట్టములో గోడపై నడిపించి, మంచి త్రీపిన్ సాకెట్టు ఒకదానిని బిగింపుడు. ఇంటిలో వాడు కంప్యూటరు తెరతో సహా సాధారణముగ ఒక ఆంపియరుకంటె హెచ్చు లాగదు, గనుక ఆఱు ఆంపియర్ల సాకెట్టు చాలును. ఎర్తు తీగ పచ్చరంగుది, లేక పచ్చపై పసుపుచార గలది కావలెను. స్విచ్చి ఫేజు దారిలోనే ఉండవలెను. పాత బోర్డుమీద న్యూట్రలు దారిలో ఫ్యూజు ఉన్నయెడల దానిని తీయించి, ఆ స్థానమున తెగని రాగి కలుపు వేయింపవలెను.

ఈ లైనునకు భూమిలో సరియైన ఎర్తు కావలెను. భారతదేశమున ఎర్తు పనికి ఐ.ఎస్. 3043 అను ప్రమాణగ్రంథము గలదు. గాల్వనైజు చేసిన ఇనుప గొట్టము వాడినయెడల దాని లోవ్యాసము 38 మిల్లీమీటర్లకును, పొడవు రెండున్నర మీటర్లకును తక్కువ కారాదు. ఇంటిగోడకు ఒకటిన్నర మీటరు దూరమైనను ఉండవలెను. చెమ్మ నిలుచు చోటు శ్రేష్ఠము. బొగ్గును ఉప్పును పొరలుపొరలుగా వేయుట పాత పద్ధతి. ఉప్పు నీటిలో కరగిపోవును, ఇనుమును తినివేయును. గనుక నేడు పలువురు బెంటొనైటు మన్నును వాడుచున్నారు. గొట్టముచుట్టు చిన్న గుంట విడిచి ఎండకాలమున నీరు పోయవలెను. నల్లరేగడి నేల చెమ్మను చిరకాలము నిలుపుకొనును. ఇసుకనేలలును రాతినేలలును అట్టివి కావు, గనుక అచ్చట ఒక గొట్టము చాలక రెండవది వేయవలసి రావచ్చును. పని ముగిసినపిదప ఎర్తు టెస్టరుతో అడ్డంకి కొలిపించి, ఆ సంఖ్యను బోర్డుమీద వ్రాయించి యుంచుడు. మఱుసటి వేసవిలో మరల కొలిచి పోల్చవచ్చును.

ఎర్తుతోపాటు తప్పక కావలసినది ఆర్.సి.సి.బి. అను స్విచ్చి. ఇది ఫేజువెంట పోయిన కరెంటును, న్యూట్రలువెంట తిరిగివచ్చిన కరెంటును ఎడతెగక పోల్చుచుండును. పోయినంత రాకున్నచో మిగిలినది ఎచ్చటనో భూమిలోనికి కారుచున్నదని గ్రహించి దారిని తెంచివేయును. ఇంటి వాడుకకు 30 మిల్లీయాంపియర్లది తీసికొనవలెను. అంత తేడా రాగానే అది 0.3 సెకండులోపల తెంచవలెనని నియమము. ఇందాకటి 50 ఓముల లెక్కను మరల చూడుడు. అచ్చట నాలుగున్నర ఆంపియర్లు కారినను ఫ్యూజునకు చీమకుట్టినట్లయిన లేదు. ఈ స్విచ్చియో ముప్పది మిల్లీయాంపియర్లకే మేలుకొనును. 50 ఓములగుండ ముప్పది మిల్లీయాంపియర్లు పాఱునప్పుడు రేకుమీద నుండునది ఒకటిన్నర వోల్టు మాత్రమే. కాబట్టి ఎర్తును ఈ స్విచ్చియు కలిసినప్పుడే పూర్ణరక్ష.

ఎర్తు వేయుటకు వీలులేని యిల్లు ఉండవచ్చును. అద్దెయిల్లు కావచ్చును, రాతినేల కావచ్చును. అట్టిచోట ఆర్.సి.సి.బి. ఒక్కటియైనను పెట్టింపుడు. అది పని చేయుటకు ఎర్తు తీగ అక్కఱలేదు. దోషమున్న పెట్టెను మనిషి ముట్టినప్పుడు దెబ్బ తగులును గాని, క్షణములో తెగును గనుక తఱచుగా ప్రాణము దక్కును. అమెరికా దేశమునను మూడవ బెజ్జము లేని పాత యిండ్లు పెక్కు గలవు. అచ్చటి విద్యున్నియమావళి అట్టి సాకెట్టులకు ఇట్టి రక్షణ స్విచ్చిని పెట్టి మూడు బెజ్జములవి బిగించుటకు అనుమతించును గాని, "దీనికి ఎర్తు లేదు" అని చీటి అంటింపవలెనని విధించుచున్నది. ఈ చీటి మంచి అలవాటు. తరువాత వచ్చినవాడు మోసపోకుండును.

అయితే ఈ స్విచ్చికి కొన్ని హద్దులు గలవు. ఒక చేత ఫేజును, ఒక చేత న్యూట్రలును పట్టుకొన్నవానిని ఇది కాపాడలేదు, ఏలయనగా అప్పుడు పోయినంతయు తిరిగివచ్చుచున్నది. హెచ్చు కరెంటు లాగినప్పుడు తెంచుటయు దీని పని కాదు, దానికి ఎం.సి.బి. వేఱుగ ఉండవలెను. న్యూట్రలును ఎర్తును ఇంటిలో ఎక్కడనైనను కలిసియున్నచో ఇది నిలువదు. పాత రబ్బరుతొడుగు తీగలున్న యింటిలో ఇంటికంతకు పెట్టినప్పుడు మాటిమాటికి పడిపోవచ్చును. అప్పుడు స్విచ్చి చెడ్డదని తీసివేయరాదు. అది గోడలోని కారుడును చూపుచున్నది. తీగలను మెగ్గరుతో పరీక్షింపజేసి చెడినవానిని మార్పింపవలెను.

ఎర్తు లేని యింట క్రొత్తగా యంత్రము కొనువారు ల్యాప్‌టాపును కొనుట మేలు. కొన్ని ల్యాప్‌టాపుల చార్జరులు రెండుకాళ్లవే. చదరములో చదరము గల గుర్తు వానిమీద నుండును. లోపల రెండువరుసల తొడుగు ఉన్నది గనుక ఎర్తు అక్కఱలేదని ఆ గుర్తునకు అర్థము. వీనియందును కొంచెము చిమచిమ ఉండవచ్చును. చార్జరు తీసి బాటరీపై పని చేసినచో అదియు ఉండదు. కాని బి.ఐ.ఎస్. గుర్తు లేని చౌక చార్జరులను కొనకుడు. లోపలి రెండు తొడుగులే అచ్చట మనకు దిక్కు. అవి నకిలీవైనచో దిక్కు లేదు. చార్జరు మూడుకాళ్లదైనయెడల దానికిని ఎర్తు కావలెననియే తెలియుడు.

నిత్యము పాటింపవలసిన చిన్న విషయములు కొన్ని గలవు. తెర తీగను గాని, ప్రింటరు తీగను గాని, టీవీ తీగను గాని కంప్యూటరునకు తగిలించుటకు ముందు రెంటి ప్లగ్గులను గోడనుండి తీయుడు. ఎర్తు లేని రేకుల నడుమ నున్న వోల్టుల తేడా తీగ కొనయందు నిప్పురవ్వయై సున్నితమైన భాగములను కాల్చును. ఉఱుములు మెఱుపులు కనబడినప్పుడు స్విచ్చి ఆర్పుట చాలదు, ప్లగ్గు ఊడదీయవలెను. లోహపు తీగతో వచ్చు టెలిఫోను, కేబులు తీగలనుకూడ తీయవలెను. ఆర్.సి.సి.బి. మీద పరీక్ష బొత్తామున్నది. నెలకొకమారు నొక్కినప్పుడు అది వెంటనే పడవలెను. పడనిచో మార్పింపవలెను. అయితే ఈ బొత్తాము స్విచ్చిని మాత్రమే పరీక్షించును, ఎర్తు ఉన్నదో లేదో చెప్పదు. ఆ రెంటిని వేఱువేఱుగ చూచుకొనవలెను.

ఫేజునకును ఎర్తునకును నడుమ బల్బు కలిపి ఎర్తును పరీక్షింపబోవువారు గలరు. ఎర్తు చెడియున్నచో ఆ బల్బుగుండ ఫేజు ఎర్తు తీగలోనికి వచ్చి, దానికి కలిసిన ప్రతి పెట్టెయు షాకు కొట్టును. ఈ పని మీరు చేయకుడు. తెలిసిన లైసెన్సు పనివానిచేత, తగిన పరికరముతో చేయింపుడు.

షాకు తగిలినవాడు పట్టు వదలకున్నచో వానిని ముట్టరాదు. ముందు మెయిను తీయవలెను. యూ.పీ.ఎస్. ఉన్నచోట మెయిను తీసినను అది తన బాటరీనుండి 230 వోల్టులు పంపుచునే యుండునని మఱవకుడు. దాని స్విచ్చినికూడ ఆర్పుడు. అది సాధ్యము కానిచో ఎండినదానిపై నిలిచి ఎండుకఱ్ఱతో నెట్టి విడదీయుడు. 108కి ఫోను చేయింపుడు. తెలివి తప్పి ఊపిరి సరిగా ఆడకున్నయెడల వెల్లకిల పరుండబెట్టి, ఎదురురొమ్ము నడుమ రెండు అరచేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, అయిదు సెంటీమీటర్లు దిగునట్లు, సహాయము వచ్చువఱకు నొక్కుచుండవలెను.

మా అన్నగారి యింటి మాటతో ముగించెదను. గోడలు చెఱుపనక్కఱలేక పోయెను. నూతిప్రక్క చెమ్మనేలలో ఎర్తు గొట్టము దింపించిరి. పడమటి గదికి మూడు తీగలు నడిపించిరి. బోర్డుమీద ఆర్.సి.సి.బి. పెట్టించిరి. తక్కిన గదుల పాత సాకెట్టులపై "దీపమునకు మాత్రమే" అని చీట్లంటించిరి. రెండు దినములలో పని ముగిసినది. ఇప్పుడు నెలనెల మొదటి తేదీన బొత్తాము నొక్కుట మనుమరాలి వంతు, వేసవిలో గుంటలో నీరు పోయుట తాతగారి వంతు.

మీ యింటనైనను, మీ యూరి బడిలోనైనను, గ్రంథాలయములోనైనను కంప్యూటరు ఉన్నచో రేపు ఉదయము ఒక్క పని చేయుడు. దాని ప్లగ్గునకు ఎన్ని కాళ్లున్నవో, గోడలో ఎన్ని తీగలున్నవో తెలిసినవానిచేత చూపింపుడు. మూడవకాలికి మూడవ తీగ లేనిచో అది వచ్చువఱకు ఆ యంత్రమును ఎవ్వరిని వట్టికాళ్లతో ముట్టనీయకుడు. పనివాడు వచ్చి "అలవాటు పడుదురులెండి" అనినచో అతనిని పంపివేసి మఱొకనిని పిలువుడు. ఇంటికి పెద్దయైనవాడు అడుగనిదే ఈ పని జరుగదు.